మొరాకో దేశ యాత్ర: నగరములు, ఎడారి, ఇంటి భాష

ఈ సంచికలో తలిదండ్రుల కొరకు ఒక దూరదేశమును గూర్చిన పాఠమును వ్రాయుచున్నాను. దేశపటమును ఎదుట నుంచుకొని, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివినచో ఇది యొక యాత్రవలె నుండును. ఆ దేశము మొరాకో. అచ్చట చూడదగిన నగరములు, కోటలు, ఇసుక తిన్నెలు అనేకములు కలవు. వానితోబాటు, ఇంట ఒక భాషయు వీధిలో మరియొక భాషయు మాటలాడు మనవంటివారు ప్రత్యేకముగా గమనింపదగిన విషయ మొకటి కలదు. యాత్ర సాగినకొలది అది తెలియగలదు.

దేశము, ప్రజలు

మొరాకో ఆఫ్రికా ఖండమునకు వాయవ్య మూలనున్నది. ఉత్తరమున మధ్యధరా సముద్రము, పశ్చిమమున అట్లాంటిక్ మహాసముద్రము, లోపలి దిక్కున సహారా ఎడారి. జిబ్రాల్టర్ జలసంధి యొద్ద దీనికిని స్పెయిన్ దేశమునకును నడుమ దూరము సుమారు 14 కిలోమీటర్లు మాత్రమే. అరబ్బీలో ఈ దేశమునకు 'అల్ మగ్రిబ్' అని పేరు. సూర్యుడు క్రుంకు దిక్కు, అనగా పడమటి దేశము అని దాని యర్థము. ఇది రాజుగల దేశము. 1912 నుండి ఫ్రాన్సు, స్పెయిన్ దేశముల పెత్తనము క్రింద నుండి 1956లో స్వతంత్రమయ్యెను. 2024 జనాభా లెక్కల ప్రకారము ఇచ్చటి జనసంఖ్య సుమారు 3 కోట్ల 68 లక్షలు.

ఈ దేశపు ప్రాచీన నివాసులు అమజీగ్ జనులు. పరదేశీయులు వీరిని బెర్బరు లనిరి. వారు మాత్రము తమ్ము అమజీగులనియే చెప్పుకొందురు. క్రీస్తుశకము 7, 8 శతాబ్దులలో అరబ్బులు ఇచ్చటికి వచ్చిరి. వారివెంట ఇస్లాము మతమును అరబ్బీ భాషయు వచ్చినవి. అమజీగులు ఆ మతమును స్వీకరించిరి. అరబ్బీని నేర్చి అందు పండితులైరి. అయినను వారిలో అనేకులు తమ ఇంటి భాషను విడువలేదు.

సముద్రతీర నగరములు

యాత్రను కాసాబ్లాంకాలో ప్రారంభింతము. ఇది దేశములోకెల్ల పెద్ద నగరము, గొప్ప రేవు పట్టణము. ఈ పేరునకు స్పానిష్ భాషలో 'తెల్లని ఇల్లు' అని అర్థము. అరబ్బీ పేరైన 'దారుల్ బైదా'కు కూడ అదియే అర్థము. సముద్రపుటొడ్డున, కొంత భాగము నీటిపైకి వచ్చునట్లుగా నిర్మింపబడిన రెండవ హసన్ మసీదు 1993లో పూర్తియయ్యెను. దాని మీనారు ఎత్తు సుమారు 200 మీటర్లు.

అచ్చటినుండి తీరము వెంబడి ఈశాన్యముగా పోయిన రాజధాని రబాత్ వచ్చును. యాకూబ్ అల్ మన్సూర్ అను సుల్తాను 12వ శతాబ్ది చివర ఇచ్చట బ్రహ్మాండమైన మసీదును తలపెట్టెను. 1199లో ఆయన మరణించుటతో పని నిలిచిపోయెను. సగము కట్టిన గోపురము, వరుసలుగా నిలిచిన స్తంభములు నేటికిని ఉన్నవి. ఆ గోపురమును హసన్ బురుజు అందురు. ఈ నగరముననే యున్న వేరొక సంస్థను గూర్చి తరువాత చెప్పెదను.

రోమను శిథిలములు, మెక్నెస్

రబాత్ నుండి తూర్పుగా పోయిన మెక్నెస్ నగరము కలదు. 1672 నుండి 1727 వరకు పాలించిన మౌలాయి ఇస్మాయిల్ దీనిని రాజధానిగా చేసికొని, పొడవైన ప్రాకారములను, ధాన్యపు కొట్లను, గుఱ్ఱపు సాలలను కట్టించెను. ఆయన కుమారుని కాలమున 1732లో పూర్తియైన బాబ్ మన్సూర్ ద్వారము రంగుల పెంకులతో చూపరులను నిలువరించును.

దీనికి సమీపముననే వొలుబిలిస్ అను రోమను నగరపు శిథిలములున్నవి. కరకల్లా చక్రవర్తి గౌరవార్థము క్రీస్తుశకము 217లో కట్టిన విజయ తోరణము, రంగురాళ్ళు పొదిగిన ఇంటి నేలలు, ఆలివ్ నూనె తీసిన గానుగల రాళ్ళు ఇచ్చట కనబడును. రోమనులు పోయిరి. వారి లాటిన్ భాష ఇచ్చట శాసనములయందు మాత్రమే మిగిలెను. రోమనులకు ముందునుండి ఇచ్చట వినబడిన అమజీగ్ భాష మాత్రము నేటికిని మాటలాడబడుచున్నది.

ఫెజ్: విద్యానగరము

మెక్నెస్ నుండి మరికొంత తూర్పుగా పోయిన ఫెజ్ నగరము చేరుదుము. క్రీస్తుశకము 789లో ఇద్రీసు వంశపు రాజు దీనికి పునాది వేసెను. తరువాత స్పెయిన్‌లోని కొర్దోబా నుండి కొందరు, ట్యునీషియాలోని కైరవాన్ నుండి మరికొందరు వలసవచ్చి నదికి ఇరుప్రక్కల స్థిరపడిరి. ఆయా పేటలకు వారి స్వస్థలముల పేర్లే నిలిచినవి. కైరవాన్ నుండి వచ్చిన కుటుంబములోని ఫాతిమా అల్ ఫిహ్రీ అను మహిళ తన ధనముతో 859లో కరవియ్యీన్ మసీదును స్థాపించెనని పరంపరగా చెప్పుదురు. అది క్రమముగా మహావిద్యాలయమై నేటివరకు నిలిచియున్నది. వలసవచ్చినవారు పరాయి నేలకు ఈయగల కానుకలలో విద్యాలయమును మించినది వేరొకటి యేమున్నది?

పాత ఫెజ్ వీధులు మిక్కిలి ఇరుకైనవి. వానిలో మోటారు బండ్లు తిరుగవు. కంచరగాడిదలపై సరకులు మోయించుకొని, తప్పుకొనుడని కేకలు వేయుచు పోవుదురు. తోళ్ళు పదును చేయువారి వాడలో సున్నము, పావురాల రెట్ట కలిపిన తొట్లయందు తోళ్ళను నానవైచి, పిదప వేరు తొట్లలో రంగులు పట్టింతురు.

ఈ నగరముతో మన దేశమునకు సంబంధము కలదు. ఇబ్న్ బతూతా అను ప్రసిద్ధ యాత్రికుడు 1304లో మొరాకోలోని టాంజియర్‌లో అమజీగ్ వంశమున జన్మించెను. 1325లో బయలుదేరి, అనేక దేశములు తిరిగి ఢిల్లీ చేరి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా నుండెను. నేటి మహారాష్ట్రములోని దౌలతాబాదును, తమిళనాడులోని మధురను కూడ దర్శించెను. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట సుల్తాను ఆజ్ఞచే తన యాత్రా వృత్తాంతమును చెప్పగా, ఇబ్న్ జుజయ్ అను పండితుడు వ్రాసెను. ఆ గ్రంథము 1355లో పూర్తియయ్యెను.

పర్వతములు దాటి ఎడారికి

ఫెజ్ నుండి దక్షిణముగా సాగిన అట్లాస్ పర్వతములు ఎదురగును. మొదట దేవదారు అడవులు, తోకలేని కోతులు కనబడును. ఈ పర్వత పంక్తులలో నైరృతి దిక్కుననున్న తూబ్కల్ శిఖరము 4,167 మీటర్ల ఎత్తు గలది. చలికాలమున అది మంచుతో కప్పబడియుండును. పర్వతములు దాటగానే పచ్చదనము తగ్గి, ఎఱ్ఱని రాతి నేలయు, నడుమ నడుమ ఖర్జూరపు తోటలును వచ్చును. మెర్జూగా గ్రామము చెంత ఎర్గ్ షెబ్బీ అను ఇసుక తిన్నెలున్నవి. కొన్ని సుమారు 150 మీటర్ల ఎత్తు వరకు లేచియున్నవి. అతిథి వచ్చినచో అచ్చటివారు పుదీనా వేసిన తేనీటిని ఎత్తునుండి గ్లాసులోనికి ధారగా పోసి యిత్తురు.

దాపుననే సిజిల్మాసా అను ప్రాచీన నగరపు శిథిలములున్నవి. 757లో వెలసిన ఈ నగరమునకు ఎడారి కావలినుండి ఒంటెల బిడారులపై బంగారము వచ్చెడిది. ఎడారిలోని గనుల ఉప్పు దక్షిణమునకు పోయెడిది. ఇబ్న్ బతూతా 1352లో మాలి దేశమునకు పయనమైనది ఇచ్చటినుండియే.

ఎడారిలో తోటలెట్లు పెరుగునని పిల్లలు అడుగవచ్చును. కొండ పాదముననున్న ఊట నీటిని, భూమిలోపల వాలుగా త్రవ్విన సొరంగము గుండ పొలములకు తెత్తురు. సొరంగము పొడవునను బావులవంటి గోతులుండును. ఎండ తగులనందున నీరు ఆవిరికాదు. దీనిని వారు ఖెత్తారా అందురు. కర్ణాటకములోని బీదరు నగరమున బహమనీల నాటి ఇట్టి సొరంగపు కాలువ కలదు. దానిని చూచినవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును.

అచ్చటినుండి పడమరగా పోయిన ఆయిత్ బెన్ హద్దూ అను మట్టికోట గ్రామము వచ్చును. సహారా నుండి మరాకేష్ పోవు బిడారుల దారిలో, మన్నుతోను ఎండబెట్టిన ఇటుకలతోను కట్టిన ఎత్తయిన ఇండ్లివి. 1987లో ఇది ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్పబడెను.

మరాకేష్

తిరిగి పర్వతములు దాటిన మరాకేష్ చేరుదుము. మొరాకో అను పేరు ఈ నగరపు పేరునుండియే పుట్టినది. అల్ మొరావిదు వంశమువారు సుమారు 1070లో దీనిని స్థాపించిరి. వారి తరువాత అల్ మొహదు వంశమువారు పాలించిరి. ఇరువంశములును అమజీగులవే. అల్ మొహదు ఉద్యమమును లేవదీసిన ఇబ్న్ తూమర్త్ గొప్ప అరబ్బీ పండితుడైనను, కొండప్రజలకు వారి భాషలోనే బోధించెను. 12వ శతాబ్దినాటి కుతుబియ్యా మసీదు మీనారు 77 మీటర్ల ఎత్తున నగరమంతటికి గుర్తుగా నిలిచియున్నది.

జెమాఅల్ ఫనా అను మైదానమున సాయంకాలము కథకులు, గాయకులు, వాద్యకారులు చేరుదురు. జనులు వారి చుట్టు వలయముగా నిలుతురు. నోటిమాటతో బ్రతుకు ఈ కళను 2001లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించెను.

8 సెప్టెంబరు 2023 నాటి భూకంపమున ఈ ప్రాంతమున 2,900 మందికి పైగా మరణించిరి. కొండలలోని అమజీగ్ పల్లెలు అనేకములు నేలమట్టమైనవి. ఇట్టి పల్లెలే ఇంతకాలము ఆ భాషను కాపాడినవి.

ఇంటి భాష కథ

ఇక మొదట చెప్పిన విషయమునకు వత్తము. అమజీగ్ భాష చిరకాలము బడిలో లేదు, కచేరీలో లేదు. పర్వతములలోని తల్లులు, అవ్వలు పిల్లలతో మాటలాడుటచే నిలిచినది. 1994లో రాజు రెండవ హసన్ దీనిని బడులలో నేర్పవలెనని పలికెను. 2001లో అమజీగ్ సంస్కృతికై ఒక రాజసంస్థ వెలసెను. రబాత్‌లో నున్నదని చెప్పిన సంస్థ యిదియే. ఏ లిపిలో వ్రాయవలెనను వాదము లేచెను. కొందరు అరబ్బీ లిపి అనిరి, కొందరు లాటిన్ అనిరి. 2003లో ప్రాచీన శాసనముల వ్రాతనుండి వచ్చిన తిఫినాగ్ లిపిని 33 అక్షరములతో స్వీకరించిరి. ఆ సంవత్సరముననే కొన్ని బడులలో బోధన మొదలయ్యెను. 2011 రాజ్యాంగము అరబ్బీతోబాటు దీనిని అధికార భాషగా అంగీకరించెను. 2023లో అమజీగ్ సంవత్సరాదిని జాతీయ సెలవుదినముగా ప్రకటించిరి.

ఇంత గౌరవము లభించిన భాష వృద్ధి పొందవలెను గదా! జనాభా లెక్కలు వేరు విధముగా చెప్పుచున్నవి. 2004లో నూటికి సుమారు 28 మంది ఈ భాషను మాటలాడుచుండగా, 2024లో సుమారు 25 మందియే. పల్లెలలో నూటికి సుమారు 33 మంది, పట్టణములలో సుమారు 20 మంది. కొండలనుండి పనులకై కాసాబ్లాంకా వంటి నగరములకు వచ్చినవారు, పిల్లలకు బడిలోను ఉద్యోగములోను అక్కరకు వచ్చునని అరబ్బీని, ఫ్రెంచిని పట్టుకొనిరి. వారిలో అనేకుల ఇండ్లలో తల్లిభాష వినబడుట తగ్గెను. చట్టము ముందుకు నడచినది, ఇల్లు వెనుకకు నడచినది.

మన దేశమున కూడ భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో గరపుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో చేర్పబడినది. దాని ఆసరాతో బడిని నిలుపుకొనవచ్చును, ఉపాధ్యాయుని కోరవచ్చును. భోజనము వేళ బిడ్డతో మాటలాడుట మాత్రము ఏ చట్టమును చేయజాలదు. రాష్ట్రభాషను పిల్లలు బాగుగా నేర్వవలెను. ఇబ్న్ తూమర్త్ అరబ్బీలో పండితుడైనను స్వభాషకు దూరము కాలేదు. ఒకటి నేర్చుటకు మరియొకటి విడువ నక్కరలేదు. రోజునకు అరగంట తెలుగున కథయో, లెక్కయో, ఊరి ముచ్చటయో చెప్పినను చాలును.

పిల్లల నడుగుటకు కొన్ని ప్రశ్నలు

1. మొరాకోకును స్పెయిన్‌కును నడుమనున్న జలసంధి యేది?
2. ఖెత్తారాలోని నీరు ఏల ఆవిరికాదు?
3. ఇబ్న్ బతూతా మన దేశమున చూచిన ఊళ్ళు రెండింటిని చెప్పుము.
4. తిఫినాగ్ లిపిలో ఎన్ని అక్షరములు కలవు? మన తెలుగు అక్షరములను తప్పులేకుండ వరుసగా వ్రాసి చూపుము.

నాల్గవ ప్రశ్నకు జవాబును తలిదండ్రులు కూడ పిల్లలతోబాటు కూర్చుండి వ్రాయవలెనని నా కోరిక.