పలనాటి పోరు – నాయకుల జీవితాలు

పాఠ్యాంశ ఉద్దేశం

పరాయి రాజు దండెత్తి వచ్చినప్పుడు ప్రజలందరూ ఒక్కటవుతారు. ఒకే ఇంటి బిడ్డలు రాజ్యం కోసం కత్తులు దూసినప్పుడు గెలుపు ఎవరిదైనా నష్టం ఆ ఇంటిదే. ఈ సత్యాన్ని పలనాటి యుద్ధ నాయకుల జీవితాల ద్వారా విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠం

సంక్రాంతి వచ్చిందంటే వైనతేయ తీరంలోని అప్పనపల్లి మొదలుకొని కోనసీమ అంతటా కోడిపందేల ప్రస్తావన తప్పదు. పందెం మాట వచ్చినచోట పలనాటి కథ గుర్తుకు రావడం తెలుగునాట పరిపాటి. కోడిపందెం వల్లనే పలనాడు నాశనమైందని లోకం అనుకుంటుంది. నిజానికి కోడి ఒక నెపం మాత్రమే. అసలు కారణం వారసత్వపు పంపకంలోను, ఆ పంపకాన్ని నడిపిన నాయకుల స్వభావాలలోను ఉన్నది.

ఈ యుద్ధం సా.శ. 1182 ప్రాంతంలో జరిగిందని చరిత్రకారులు భావిస్తారు. 15వ శతాబ్దికి చెందిన శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన 'పల్నాటి వీరచరిత్ర' దీనికి ప్రధానమైన సాహిత్యాధారం. మంజరీద్విపదలో సాగిన ఈ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించారు. వీరవిద్యావంతులు తరతరాలుగా ఈ గాథను గానం చేస్తూ ప్రజల నోట నిలిపారు.

కథ ప్రకారం హైహయ వంశీయుడైన అనుగురాజుకు వెలనాటి రాజకుమార్తె మైలమాదేవితోపాటు పలనాడు అరణంగా లభించింది. ఆయన తరువాత మైలమాదేవి కుమారుడు నలగామరాజు గురజాలలో సింహాసనం అధిష్ఠించాడు. సవతి తమ్ముడు మలిదేవుడు తన సోదరులతో కలిసి మాచర్లను ఏలాడు. ఒక తండ్రి రాజ్యం రెండుగా చీలింది. ఇద్దరు మంత్రుల పోటీ ఆ చీలికను మరింత పెంచింది.

మాచర్ల పక్షానికి అండ బ్రహ్మనాయుడు. అనుగురాజు మంత్రి దొడ్డనాయుని కుమారుడైన ఇతడు పాలకుడే కాక సంఘసంస్కర్త కూడా. అన్ని కులాలవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనం చేయించిన 'చాపకూడు' ఇతని కీర్తికి మూలం. అస్పృశ్యులుగా చూడబడిన కులంలో పుట్టిన కన్నమదాసును కుమారునిగా స్వీకరించి సేనానాయకుని చేశాడు. ఎనిమిది శతాబ్దాల క్రిందట ఇది సాహసమే.

గురజాల పక్షానికి బుద్ధిబలం నాయకురాలు నాగమ్మ. రాజవంశంలో పుట్టకపోయినా, నలగామరాజు ఇచ్చిన మాటను ఆధారం చేసుకొని మంత్రిపదవిని సాధించింది. రాజ్యతంత్రం నడపడమే కాక యుద్ధరంగంలోనూ నిలిచింది. కావ్యం ఆమెను కుటిలురాలిగా చిత్రించింది. అయితే ఆ కావ్యం బ్రహ్మనాయుని పక్షాన నిలిచి చెప్పిన కథ అన్న సంగతి పాఠకుడు మరువరాదు. పురుషుల రాజసభలో అధికారం చేపట్టిన స్త్రీని లోకం ఏ దృష్టితో చూసి ఉంటుందో కూడా ఆలోచించాలి.

ఈ ఇద్దరి నడుమ కోడిపోరు జరిగింది. ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యం విడిచిపోయారు. గడువు ముగిసిన తరువాత తమ భాగాన్ని అడగడానికి అలరాజును రాయబారిగా పంపారు. అలరాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. సంధి కోరి వచ్చిన అతడు చర్లగుడిపాడు వద్ద విషప్రయోగానికి బలి అయ్యాడు. నలగాముని కుమార్తె పేరిందేవి వితంతువైంది. రాజ్యాన్ని పంచుకోలేని తండ్రి కూతురి పసుపుకుంకుమలనే పణంగా పెట్టినట్లయింది.

కారెంపూడి వద్ద నాగులేటి ఒడ్డున సేనలు మోహరించాయి. అప్పటికీ సంధికి అవకాశం మిగిలే ఉన్నది. బ్రహ్మనాయుడు అందుకు సుముఖుడయ్యాడు. కాని తల్లి ఐతాంబ దీవెనతో, భార్య మాంచాల ప్రోత్సాహంతో రణరంగానికి వచ్చిన అతని కుమారుడు బాలచంద్రుడు సంధిని అంగీకరించలేదు. అలరాజు మరణానికి ప్రతీకారం కోరి శత్రుసేనపై విరుచుకుపడ్డాడు. అసమానంగా పోరాడి అసువులు బాశాడు. అతని శౌర్యాన్ని తెలుగుజాతి నేటికీ కీర్తిస్తున్నది. అయితే ఆ శౌర్యమే చివరి సంధిద్వారాన్ని మూసివేసింది. తప్పు ఒక పక్షానిదే అనుకొనేవారిని ఈ ఘట్టం ఆలోచింపజేస్తుంది.

అంతర్యుద్ధాలన్నింటిలోను ఈ విషాదం కనిపిస్తుంది. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) అధ్యక్షుడు లింకన్ భార్య సవతి సోదరులు కొందరు ప్రత్యర్థి సైన్యంలో చేరి పోరాడారు. శత్రువు మరణవార్త సొంత ఇంట కన్నీరు తెచ్చిన సందర్భమది.

పలనాటి పోరులో నలగామరాజు మిగిలాడు. సంప్రదాయ కథనం ప్రకారం బ్రహ్మనాయుడు అతనికే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలో ప్రవేశించాడు. కుమారుని పోగొట్టుకొన్న మంత్రికి రాజ్యం అక్కరలేకపోయింది. అల్లుని పోగొట్టుకొన్న రాజుకు దక్కినది వీరులు లేని నేల. ఈ పోరు వలన వెలనాటి ప్రభువుల బలం కూడా క్షీణించిందని చరిత్రకారుల అభిప్రాయం. 13వ శతాబ్ది ఆరంభంలో కాకతీయ గణపతిదేవుడు తీరాంధ్రను తన ఏలుబడిలోకి తెచ్చుకొన్నాడు. అన్నదమ్ముల కలహం బయటివారికి బాట వేసింది.

నేటికీ పల్నాడు జిల్లా కారెంపూడిలో కార్తిక అమావాస్య నుండి ఐదు రోజులపాటు వీరారాధనోత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. వాటిలో పోరుతోపాటు రాయబారానికీ ఒక రోజు ఉండడం గమనింపదగినది. వీరుని స్మరించే జాతి, విఫలమైన సంధిని కూడా స్మరించాలి. అప్పుడే ఆ స్మరణ సార్థకం.

అర్థాలు

నెపం = సాకు
అరణం = పెండ్లిలో కూతురికి ఇచ్చే కానుక
మోహరించు = యుద్ధానికి బారులుతీరు
సుముఖుడు = అనుకూలుడు
అసువులు బాయు = ప్రాణాలు విడుచు

ప్రశ్నలు

1. పలనాటి యుద్ధానికి కోడిపందెం నెపం మాత్రమే అన్న అభిప్రాయాన్ని సమర్థించండి.
2. బ్రహ్మనాయుడు, నాగమ్మల వ్యక్తిత్వాలను పోల్చి వ్రాయండి.
3. బాలచంద్రుడు సంధిని నిరాకరించడం సమంజసమేనా? మీ అభిప్రాయం తెల్పండి.
4. అలరాజు మరణం నలగామరాజు కుటుంబానికి ఏ విధంగా నష్టం కలిగించింది?