ఎల్‌హెచ్‌సి ప్రయోగం – భయాలు, వాస్తవాలు

ఎం.ఎస్సీ. (ఫిజిక్స్), పూర్వ విద్యార్థి, రుషికొండ



2008 సెప్టెంబరు 10, బుధవారం. నేనప్పుడు చిన్నపిల్లవాణ్ణి. ఆనాటి సంగతి అమ్మ చెప్పగా విన్నదే. విదేశాల్లో ఏదో పెద్ద యంత్రం తిప్పుతున్నారని, దాంతో భూమి పగిలిపోతుందని ముందు రోజే మా ఊరంతా పాకిపోయింది. అమ్మ ఆ రోజు కలుపు కూలికి వెళ్ళలేదు. గుడ్లు పెట్టే కోడిని కోసి కూర వండింది. "పోతే పోతాం గానీ పిల్లలు కడుపు నిండా తినాల" అనుకుందట. మర్నాడు మామూలుగానే తెల్లారింది. భూమి ఉంది. కోడి లేదు, ఒక రోజు కూలి లేదు.

ఇది తలచుకుని మా ఇంట్లో ఇప్పుడు నవ్వుకుంటాం. కానీ అదే భయంతో మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ళ అమ్మాయి ప్రాణం తీసుకుంది. టీవీలో ప్రళయం వార్తలు చూసి భయపడిపోయిందని ఇంట్లోవాళ్ళు చెప్పినట్లు పత్రికలు రాశాయి. అందుకే ఈ విషయం మనం సరిగ్గా తెలుసుకోవాలి.

ఏమిటీ యంత్రం?

దీని పేరు లార్జ్ హాడ్రాన్ కొలైడర్. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో, జెనీవా దగ్గర సెర్న్ సంస్థ దీన్ని నిర్మించింది. భూమి లోపల సుమారు 100 మీటర్ల లోతున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగం ఇది. ఇందులో ప్రోటాన్లను ఇంచుమించు కాంతి వేగంతో రెండు దిక్కుల నుండి పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. పదార్థం దేనితో తయారైందో తెలుసుకోవడమే దీని ఉద్దేశం.

భయం ఎక్కడ నుండి వచ్చింది?

ఈ తాకిడిలో చిన్న కృష్ణబిలం పుట్టి, అది పెరిగి భూమిని మింగేస్తుందని కొందరు వాదించారు. 2008లో అమెరికాలోని హవాయి కోర్టులో దావా కూడా వేశారు. కోర్టు దాన్ని కొట్టేసింది. అంతకు ముందు అమెరికాలోని బ్రూక్‌హేవన్ యంత్రం మీద కూడా ఇలాంటి భయాలే వచ్చాయి. ఆ యంత్రం 2000లో మొదలైంది, ఏ ప్రమాదమూ జరగలేదు.

శాస్త్రం ఏమంటుంది?

మొదట శక్తి ఎంతో చూద్దాం. 14 టెరా ఎలక్ట్రాన్ వోల్టులంటే వినడానికి చాలా పెద్ద సంఖ్య. కానీ ఎగురుతున్న ఒక దోమ శక్తి సుమారు ఒక టెరా ఎలక్ట్రాన్ వోల్టు. అంటే ఒక తాకిడి శక్తి పద్నాలుగు దోమల శక్తి మాత్రమే. అంత శక్తి ఒక అణువు కన్నా చాలా చిన్న చోట చేరడమే ఇందులో విశేషం.

రెండవది, ఈ పని ప్రకృతి ఎప్పుడూ చేస్తూనే ఉంది. అంతరిక్షం నుండి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిలోని అణువులను ఢీకొంటున్నాయి. వాటి నుండి పుట్టిన మ్యుయాన్లు సముద్ర మట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడతాయి. మన రుషికొండ బీచ్‌లో అరచెయ్యి చాపి నిలబడితే ప్రతి సెకనుకూ ఒకటో రెండో దాన్ని దాటిపోతాయి. ఇప్పటి వరకు భూమి మీద జరిగిన ఇలాంటి తాకిడులు సుమారు పది లక్షల ఎల్‌హెచ్‌సి ప్రయోగాలకు సమానమని సెర్న్ లెక్క. అయినా భూమి ఉంది.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వెయ్యాలి. కాస్మిక్ కిరణాల తాకిడిలో పుట్టినది వేగంగా భూమిని దాటిపోవచ్చు, యంత్రంలో ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు పుట్టినది నెమ్మదిగా ఉండి ఇక్కడే ఆగిపోవచ్చు కదా? ఇది మంచి ప్రశ్నే. దీనికి గిడ్డింగ్స్, మాంగానో అనే శాస్త్రవేత్తలు 2008లో జవాబు చెప్పారు. న్యూట్రాన్ నక్షత్రాలు, శ్వేత మరుగుజ్జు నక్షత్రాలు ఎంతో సాంద్రంగా ఉంటాయి. వేగంగా వచ్చినదైనా వాటిలో ఆగిపోతుంది. ప్రమాదం నిజమైతే ఆ నక్షత్రాలు ఎప్పుడో మాయమై ఉండాలి. కోట్ల సంవత్సరాలుగా అవి ఉన్నాయి.

ఆ రోజు జరిగిందేమిటి?

అసలు సెప్టెంబరు 10న ప్రోటాన్లు ఢీకొట్టనే లేదు! వాటిని సొరంగంలో తిప్పి చూశారంతే. తొమ్మిది రోజుల తర్వాత మాత్రం నిజమైన ప్రమాదం జరిగింది. అయస్కాంతాల మధ్య విద్యుత్ అతుకు ఒకటి పాడై, టన్నుల కొద్దీ హీలియం బయటకు వచ్చింది. దెబ్బతిన్నది యంత్రమే. దాన్ని బాగుచేసి 2009 నవంబరులో మళ్ళీ నడిపారు. 2010 మార్చి 30న భారీ శక్తితో తాకిడులు మొదలయ్యాయి. 2012 జులై 4న హిగ్స్ బోసాన్ కనుగొన్నట్లు ప్రకటించారు. కృష్ణబిలాల కోసం కూడా వెతికారు, ఒక్కటీ కనబడలేదు.

మన దేశం పాత్ర

ఆ భారీ అయస్కాంతాలను నిలబెట్టే వేలాది జాకీలను మన దేశం పంపింది. ఆ పనిలో ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం ముఖ్యపాత్ర వహించింది. ఇండోర్ ఉన్నది మధ్యప్రదేశ్‌లోనే. యంత్రానికి కాళ్ళు ఇచ్చిన రాష్ట్రంలోనే, ఆ అమ్మాయికి ధైర్యం చెప్పే ఒక్క మాట చేరలేదేమో అని తలచుకుంటే బాధ కలుగుతుంది.

మనం చేయవలసింది

తమ్ముళ్ళూ! ప్రళయం వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు చెప్పారు? ఎంత శక్తి, ఎంత పరిమాణం? ఇంతకు ముందు ప్రకృతిలో ఇలాంటిది జరిగిందా? జవాబు దొరక్కపోతే సైన్సు మాస్టారిని అడగండి. భయం వేస్తే ఒంటరిగా కూర్చోవద్దు. పక్క మంచం మీది స్నేహితుడికో, వార్డెన్ గారికో చెప్పండి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు ఇదంతా అమ్మకు చెప్పాను. అంతా విని, "అప్పుడే ఎవరైనా ఇలా చెప్పి ఉంటే కోడి బతికేది కదరా" అంది. మన ఇళ్ళల్లో ఆ మాట ముందుగా చెప్పవలసిన వాళ్ళం మనమే. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీరు చదివిన పాఠం ఒక్కటైనా అమ్మానాన్నలకు చెప్పి రండి.