ఎరుక చెప్పువారిని నమ్మవచ్చునా?

శ్రీనివాస కల్యాణ కథ తెలిసిన ప్రతి ఇంటను ఎరుకలసాని ఘట్టము తెలిసినదే. పద్మావతీదేవి ఉద్యానవనమున శ్రీనివాసుని చూచినది మొదలు అన్నపానములు మాని కృశించుచుండెను. తల్లి ధరణీదేవి కారణము తెలియక దిగులుపడుచుండెను. అప్పుడు స్వామియే పుళింద స్త్రీ వేషము దాల్చి, నారాయణపుర వీథులలో ఎరుక చెప్పెదనని కేకవేయుచు వచ్చెను. రాణి అంతఃపురమునకు పిలిపింపగా, కన్య మనస్సు దోచినవాడు వేంకటాద్రివాసుడని చెప్పి, ఆయనకే ఇచ్చి పెండ్లి చేయుమని పలికెను. హరికథలలోను, యక్షగానములలోను జనులు మిక్కిలి ఇష్టపడి వినునది ఈ ఘట్టమే. అందుచేతనే కాబోలు, సోది చెప్పు స్త్రీ ముంగిట నిలిచినపుడు పొమ్మనుటకు మన పెద్దలు సంకోచింతురు. "స్వామియే ఎరుక చెప్పగా లేనిది, మనము వినిన తప్పేమి?" అని అడుగు తల్లులు మార్కాపురము ప్రాంతమున నేటికిని గలరు. వారి ప్రశ్న కొట్టివేయదగినది కాదు.

సమాధానము ఆ కథలోనే ఉన్నది. అక్కడ ఎరుక నిజమగుటకు గంపగాని, గవ్వలుగాని కారణము కావు. కన్య వ్యాధికి హేతువైనవాడే వచ్చి, తన్ను గురించి తానే చెప్పుకొనిన మాట అది. సర్వజ్ఞుడు ఒక వేషము ధరించినంతమాత్రమున ఆ వేషమువారందరును సర్వజ్ఞులు కాజాలరు. స్వామి వామనుడై యాచించెను గదా యని, గుమ్మము నెక్కిన ప్రతి యాచకునకు మూడడుగుల నేల ధారవోయు గృహస్థు ఎవడును లేడు!

శ్రీ లక్ష్మీ చెన్నకేశవస్వామి రథోత్సవమునకు మార్కాపురము వచ్చువారికిని, కంభము, గిద్దలూరు బజారులలో తిరుగువారికిని ఈ వృత్తులవారు క్రొత్త కాదు. చెట్టు నీడన గోనెపట్టా పరచి చిలుక పంజరము నుంచుకొనువాడొకడు. తెల్లవారకముందే డమరుకము మ్రోగించుచు వీథివెంట వచ్చు బుడబుక్కలవాడొకడు. నెమలి ఈకలు, వేళ్లు, మూలికలు పరచుకొని 'కోయదొర'నని చెప్పుకొనువాడు మరియొకడు. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. నల్లమల చెంచులకు పుట్టిల్లు. కోయలు గోదావరి తీరపు అడవులలోనివారు. ఆ పేరు పెట్టుకొని మన ఊరి బస్సు స్టాండులో కూర్చున్న ప్రతివాడును ఆ అడవి ముఖము చూచినవాడేనని నమ్మనక్కరలేదు. ఇక గది అద్దెకు తీసికొని, వశీకరణము, కోర్టు వ్యవహారము, సంతాన ప్రాప్తి అన్నియు ఒక్క రోజులో పరిష్కరింతునని బోర్డు కట్టువారు నేటి కాలమువారు.

వీరి మాటలు నిజమైనట్లు తోచుటకు కారణమేమి? చిలుక విషయము సులభము. గింజ ఆశకు ఒక అట్టను ముక్కుతో లాగుట దానికి నేర్పిన విద్య. ఏ అట్ట లాగినను అందొక దేవుని బొమ్మ ఉండును. దాని అర్థము చెప్పునది మాత్రము యజమానుడే. సోది ఇంతకంటె నేర్పుగల పని. "నీది జాలిగుండె తల్లీ, నీవు చేసిన మేలు నీవారే తలపరు" అని ఆరంభించును. ఈ మాట తనది కాదని చెప్పగల ఇల్లాలు ఏ ఊర నున్నది? కన్ను చెమర్చినదా, ఆ దారినే పోవును. ముఖము మారనిచో దారి మార్చును. మెట్టెలు, చంకబిడ్డ, చేతిలోని ఆసుపత్రి చీటీ సగము కథ ముందే చెప్పియుండును. మిగిలిన సగము మనమే చెప్పి, చెప్పితిమన్న సంగతి మరచెదము. పది మాటలలో తప్పిన తొమ్మిది గాలికి పోవును. తగిలిన ఒక్కటి పదేండ్లు చెప్పుకొందుము.

ఇది చదువురానివారి బలహీనత యనుకొనరాదు. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అను మనస్తత్త్వశాస్త్ర ఆచార్యుడు తన విద్యార్థులు 39 మందికి, ఎవరి స్వభావము వారికి వ్రాసి యిచ్చుచున్నానని చెప్పి, అందరికిని ఒక్కటే కాగితము పంచెను. అందలి వాక్యములు అంగడిలో దొరకు జ్యోతిషపు పుస్తకమునుండి తీసినవి. తమకు సరిపోయినదా యని 5 మార్కులకు వేయుమనగా వారు సగటున 4.26 వేసిరి.

అట్లని సోది చెప్పువారిని నిందించుట తగదు. ఎరుకలవారు బుట్టలు, గంపలు అల్లి, ఎరుక చెప్పి పొట్టపోసికొనిన జాతి. బ్రిటిషు ప్రభుత్వము వారిని 'నేరస్థ జాతుల' పట్టీలో చేర్చి, పుట్టుకతోనే దొంగలన్నట్లు చూచినది. ఆ చట్టము 1952లో గాని తొలగలేదు. ఇంటికి వచ్చిన ఆ తల్లికి చేటెడు బియ్యము పోయుట గృహస్థధర్మము. అడుగవలసిన ప్రశ్నలు మాత్రము ఆమెను అడుగవలదు.

మన ఆళ్వారుల దివ్యసూక్తులలోను ఇట్టివారి ప్రస్తావన కలదు. తిరుమంగై ఆళ్వారు శిఱియ తిరుమడలులో కట్టువిచ్చి యను సోదికత్తె చేటలో బియ్యమునుంచి, నాయిక మనస్సు హరించినవాడు సహస్రనాముడగు స్వామియేనని చెప్పును. నమ్మాళ్వారు తిరువాయ్మొళి నాల్గవ పత్తు, ఆరవ దశకమున మాత్రము మరియొక దృశ్యము. నాయిక మూర్ఛిల్లగా తల్లులు క్షుద్రదేవతల ఆవేశమని భ్రమించి, కల్లు, మాంసము నివేదించి ఆటలాడింప సిద్ధపడిరి. అప్పుడు చెలికత్తె అడ్డుపడి, ఇది అట్టి వ్యాధి కాదు, భగవన్నామము పలుకుడు, భాగవతుల పాదధూళిని ఈమెకు పూయుడని చెప్పును. పెద్దల తొందరను ఒక చిన్నది ఆపుట ఇందలి విశేషము.

పూర్వాచార్యులు శరణాగతుని విశ్వాసమునకు చెప్పు దృష్టాంతము సుందరకాండలోనిది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రముతో హనుమంతుని కట్టెను. రాక్షసులకు అది చాలదని తోచి, జనపనారతోను, చెట్టు నారతోను మరల బిగించిరి. రెండవ కట్టు పడినంతనే అస్త్రము వీడిపోయెను. ఉదయము స్వామి సన్నిధిలో శరణని పలికి, సాయంకాలము గవ్వల ముందు చేయి చాచుట అట్టిదే.

సోదికి పోయిన పదిరూపాయలకు ఎవరును చెడరు. దాని వెనుక వచ్చునది చెరుపు. "నీ ఇంటిలోనివారే చేసిరి" అన్న ఒక్కమాట చాలును. ఆ రాత్రినుండి తోడికోడలు చేతి మంచినీరు త్రాగుట మానుదురు. ప్రక్క ఇంటి ముసలమ్మ చేతబడి చేసినదన్న ప్రచారము పుట్టును. రోగికి కట్టిన తాయెత్తు ఆసుపత్రికి పోవలసిన దినములను మింగివేయును. కొన్ని రోగములను తాయెత్తులతో, మంత్రములతో కుదుర్తుమని ప్రకటించుటను 1954 నాటి చట్టమే నిషేధించినది.

మన పడమటి ప్రకాశమున నీటి సంగతి వేరుగా చెప్పవలెను. అరచేతిలో కొబ్బరికాయ నుంచుకొని చేనిలో నడచుచు, అది నిలువుగా లేచిన తావున బోరు వేయుమనువారు కలరు. వారిలో పలువురు మోసగాండ్రు కారు. చేతి కండరముల సూక్ష్మమైన కదలిక తమకే తెలియదు. కాని మార్కాపురము పలకలు పుట్టిన నేల ఇది. ఇట్టి గట్టిరాతిలో నీరు పగుళ్ల వెంటనే నడచును. ఒక చేనిలో పడిన నీరు ప్రక్క చేనిలో పడకపోవచ్చును. ఎండిన బోరుకు చేసిన అప్పు కొబ్బరికాయ తీర్చదు. భూగర్భజల శాఖవారు పరికరములతో చూచి చెప్పునదియు తప్పవచ్చును. అయినను రాతిని గమనించి చెప్పిన మాట అది.

వీటన్నిటికంటె దేవాలయములకు ముప్పు తెచ్చినది గుప్తనిధుల పిచ్చి. విగ్రహము క్రింద బంగారమున్నదని ఎవడో అంజనము వేసి చెప్పును. అమావాస్య రాత్రి గునపములతో పోవుదురు. ఎవరును కాపులేని పాత గుడులలో పీఠములు పెకలించి, ధ్వజస్తంభముల మొదళ్లు త్రవ్విన వార్తలు పత్రికలలో తరచు చూచుచున్నాము. వందల ఏండ్లు నిలిచిన మూర్తి ఒక్క రాత్రి రెండు ముక్కలగును. భూమిలో నిధి దొరికినను, పది రూపాయలకు మించిన విలువగలదైనచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. నల్లమల అంచులలోని శిథిలాలయములకు దర్శనార్థము పోవు యాత్రికులు గర్భగుడిలోగాని, ప్రాకారము వద్దగాని క్రొత్తగా త్రవ్విన మన్ను, ఆరిపోయిన దీపము, కుంకుమ చల్లిన నిమ్మకాయలు చూచినచో, ఆ గ్రామ పెద్దలకును, పోలీసులకును, దేవాదాయ శాఖవారికిని ఆ దినముననే తెలుపుడు.