సిలబస్‌లో చివరి గడి చూశారా?

"లెక్కలు పోతే పోయాయిలే, ల్యాబులన్నీ క్లియర్" అని ధీమాగా తిరిగే కుర్రాళ్లు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలోనూ ఉంటారు. వాళ్లు లెక్కపెట్టుకునేది సబ్జెక్టుల్ని. యూనివర్సిటీ లెక్కపెట్టేది క్రెడిట్లని.

జేఎన్‌టీయూ హైదరాబాద్ 2018లో తెచ్చిన ఆర్18 సిలబస్‌నే తీసుకోండి. ప్రతి సబ్జెక్టు పేరు దగ్గరా ఎల్, టీ, పీ, సీ అని నాలుగు గడులుంటాయి. వారానికి లెక్చర్లు ఎన్ని గంటలు, ట్యుటోరియల్ ఎన్ని, ప్రాక్టికల్స్ ఎన్ని, చివరికి క్రెడిట్లు ఎన్ని అని వాటి అర్థం. లెక్చరైనా ట్యుటోరియలైనా గంటకొక క్రెడిట్. ప్రాక్టికల్స్‌కి మాత్రం అందులో సగమే. మొదటి సెమిస్టర్ మ్యాథమెటిక్స్-1కి 3, 1, 0 అని ఉంటుంది కాబట్టి 4 క్రెడిట్లు. మధ్యాహ్నమంతా నిలబడి చేసే మూడు గంటల ల్యాబుకి ఒకటిన్నర. బీటెక్ పట్టా చేతికి రావాలంటే ఇలా 160 పోగవ్వాలి.

దీని దెబ్బ సెమిస్టర్ గ్రేడ్ సగటు, అంటే ఎస్‌జీపీఏ మీద ఎలా పడుతుందో చూడండి. సెమిస్టర్‌లో మొత్తం 20 క్రెడిట్లున్నాయనుకుందాం. 4 క్రెడిట్ల లెక్కల్లో బీ ప్లస్ బదులు ఏ ప్లస్ తెచ్చుకుంటే గ్రేడ్ పాయింట్ 7 నుంచి 9కి పెరుగుతుంది. రెండు పాయింట్లు, నాలుగు క్రెడిట్లు: ఎనిమిది. దాన్ని ఇరవైతో భాగిస్తే ఎస్‌జీపీఏ 0.4 పెరిగినట్టు. ఒక క్రెడిట్ ల్యాబులో ఏ ప్లస్‌ని ఓ గ్రేడ్ చేసుకుంటే పెరిగేది 0.05. రాత్రంతా కూర్చుని రికార్డుకి రంగులు దిద్దేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే మంచిది. అలాగని క్రెడిట్లు లేనివాటిని గాలికొదిలేయొద్దు. రాజ్యాంగం, పర్యావరణం లాంటి మాండేటరీ కోర్సులకి క్రెడిట్లు సున్నా, కానీ అవి పాస్ కాకుండా డిగ్రీ రాదు.

ఇక సబ్జెక్టు పేరు పక్కనుండే కోడ్ సంగతి. ఆర్18లో డీబీఎంఎస్ కోడ్ సీఎస్404పీసీ. సీఎస్ అంటే బ్రాంచి, 4 అంటే నాలుగో సెమిస్టర్, 04 ఆ సెమిస్టర్‌లో వరస సంఖ్య, పీసీ అంటే ప్రొఫెషనల్ కోర్. చివర బీఎస్ ఉంటే బేసిక్ సైన్స్, హెచ్‌ఎస్ ఉంటే హ్యుమానిటీస్. ఇక్కడ మొదటి అంకె సెమిస్టర్‌నే చెబుతుంది, సబ్జెక్టు ఎంత కష్టమో చెప్పదు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ పద్ధతి వేరు: 100-199 పునాది కోర్సులు, 300-399 పైస్థాయివి, 500 దాటితే పీజీవి. అమెరికాలోనూ మొదటి అంకె స్థాయినే చెబుతుంది. అక్కడ చాలా యూనివర్సిటీల్లో 400 అంటే డిగ్రీ చివరి సంవత్సరం చదువు. మన రెండో ఏడాది డీబీఎంఎస్ కోడ్‌ని చూసి "నాది 400 లెవెల్" అని దరఖాస్తులో రాసుకుంటే అది తప్పే.

ఎంఎస్‌కి వెళ్లేవాళ్లకి ఈ అంకెలు డబ్బుతో ముడిపడ్డ వ్యవహారం. మనవాళ్లు పెద్ద సంఖ్యలో చేరే డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీనే చూడండి. సీఎస్ 6363 అని ఉంటే మొదటి 6 గ్రాడ్యుయేట్ స్థాయి, రెండో అంకె 3 ఆ కోర్సు క్రెడిట్లు. అక్కడ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కి 33 క్రెడిట్లు కావాలి, అంటే పదకొండు కోర్సులు. కానీ 5 అంకెతో మొదలయ్యే ప్రీరిక్విజిట్ కోర్సులు కొన్నున్నాయి. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లాంటివి. బీటెక్‌లో వాటిని చదివినట్టు కనబడకపోతే అడ్మిషన్ లెటర్‌లోనే అవి చేయమని రాస్తారు. ఫీజు కట్టాలి, పరీక్ష రాయాలి, అయినా ఆ 33లో అవి కలవవు. మెకానికల్, సివిల్ నుంచి వెళ్లేవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకీ సబ్జెక్టు పేరు వేరుగా ఉన్నందుకు ఒక్కోసారి తగులుకుంటుంది. అప్పుడు మినహాయింపు అడగడానికి అక్కరకొచ్చేది కోడ్ కాదు, ఏ యూనిట్‌లో ఏం చదివారో చూపించే సిలబస్.

దేశం మారితే క్రెడిట్ విలువ కూడా మారుతుంది. బ్రిటన్‌లో మాస్టర్స్‌కి 180 క్రెడిట్లు. వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ, అక్కడ ఒక క్రెడిట్ అంటే సొంతంగా చదువుకునే సమయంతో కలిపి పది గంటల శ్రమ. యూరప్‌లో ఏడాదికి 60. మన 160నీ వాళ్ల 180నీ పక్కపక్కన పెట్టి పోల్చే కన్సల్టెంటు మాట వినకండి.

ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు కాలేజీ వదిలేలోపే నాలుగేళ్ల సిలబస్ కాపీ, మీ బ్యాచ్ రెగ్యులేషన్ పుస్తకం దాచుకోండి. ఆర్18 పోయి ఆర్22 వచ్చింది. కొత్త రెగ్యులేషన్ వచ్చాక పాతది అడిగితే ఆఫీసులో వెతికి ఇచ్చే ఓపిక అందరికీ ఉండదు.