మాటలో దాగిన వ్యథ

మానవ జీవితంలో సుఖంకంటె దుఃఖానికే పేర్లు ఎక్కువ. తెలుగులో బాధ, వ్యథ, వెత, శోకం, విషాదం, దైన్యం, దురవస్థ, ఇక్కట్లు, కడగండ్లు, అగచాట్లు, పాట్లు అనే మాటలన్నీ దుఃఖాన్ని తెలిపేవే. అయినా వీటిలో ఏ రెండూ సరిగ్గా ఒకే అర్థాన్ని ఇవ్వవు. ఆంగ్లంలో ‘మిజరీ’ అనే ఒక్క మాట ఈ అర్థాలలో చాలావాటిని మోస్తుంది. ఆ మాటను తెలుగు చేయబూనిన విద్యార్థి నిఘంటువు తెరిస్తే పై పదాలలో చాలా కనిపిస్తాయి. వాటిలో ఏది ఎన్నుకోవాలన్నది సందర్భాన్ని బట్టి తేలవలసిన విషయం.

‘మిజరీ’కి మూలం లాటిన్ భాషలోని ‘మిసెర్’ అనే పదం. దీనుడు, దయనీయుడు అని దాని అర్థం. అది ప్రాచీన ఫ్రెంచి భాష మీదుగా 14వ శతాబ్దంలో ఆంగ్లంలో ప్రవేశించింది. పిసినారి అనే అర్థంలో వాడే ‘మైజర్’ కూడా ఆ మూలం నుండి పుట్టినదే. 16వ శతాబ్దంలో ఆ మాటకు దుఃఖితుడనే అర్థమూ ఉండేది. ధనం ఉండి కూడా తినక, కట్టక దరిద్రునివలె బ్రతికేవానికి ఆ పేరు క్రమంగా స్థిరపడిపోయింది. ఎదుటివాని దుఃఖంలో పాలుపంచుకోవడాన్ని తెలిపే ‘కమిజరేషన్’ సైతం ఈ కుటుంబానికే చెందింది. ఒకే వేరు నుండి దైన్యం, లోభం, సానుభూతి అనే మూడు కొమ్మలు మొలవడం గమనింపదగినది.

ఈ పద ప్రయోగాలను స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు. మొదటిది మనస్సుకు సంబంధించినది. ఆప్తులను కోల్పోయినవాని స్థితిని చెప్పేటప్పుడు దీనికి ‘శోకం’ తగిన మాట. భారతీయ అలంకారశాస్త్రంలో కరుణరసానికి శోకం స్థాయిభావం; దైన్యం, విషాదం సంచారిభావాలు. వీటి మధ్య భేదాన్ని మన పూర్వులు ఎంత సూక్ష్మంగా గుర్తించారో దీనివల్ల తెలుస్తుంది. రెండవది జీవన పరిస్థితికి సంబంధించినది. తిండి, గుడ్డ, నీడ కరవైన స్థితికి ‘దైన్యం’, ‘దురవస్థ’ సరిపోతాయి. మూడవది బహువచన ప్రయోగం. ఒకదాని వెంట ఒకటిగా వచ్చిపడే కష్టాలకు ‘కడగండ్లు’, ‘అగచాట్లు’, ‘పాట్లు’ అనడం తెలుగు నుడికారం. నాలుగవది బాధ నుండి విముక్తిని తెలిపే జాతీయం. కోలుకోలేని గాయంతో విలవిలలాడే జంతువును చంపి దాని యాతన ముగించడానికి ఆంగ్లేయులు ఈ మాటనే వాడతారు. పరీక్షాఫలితం కోసం ఆరాటపడే మిత్రునికి ఆ సంగతి చెవిన వేయడానికి కూడా చమత్కారంగా దీనినే ఉపయోగిస్తారు. ఇక్కడ మక్కికి మక్కిగా అనువదిస్తే అర్థం చెడుతుంది.

ఈ పదం అర్థశాస్త్రంలోకి కూడా ప్రవేశించింది. నిరుద్యోగ శాతాన్ని, ద్రవ్యోల్బణ శాతాన్ని కలిపితే వచ్చే సంఖ్యను ‘మిజరీ ఇండెక్స్’ అంటారు. అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ ఓకన్ ఈ లెక్కను రూపొందించాడు. 1976లోను, 1980లోను ఆ దేశాధ్యక్ష ఎన్నికల ప్రచారంలో ఇది ప్రధానంగా వినిపించింది. పని దొరకని బాధ, ధరలు పెరిగిన బాధ కలిసి ఇక్కడ ఒక అంకెగా మారాయి.

ఒక మాటను అనువదించడంలోని కష్టానికీ, అందులోని అందానికీ విక్టర్ హ్యూగో నవల మంచి నిదర్శనం. ఆయన 1845లో రచన ప్రారంభించినప్పుడు దానికి ‘లె మిజేర్’ అని పేరు పెట్టుకొన్నాడు. ఫ్రెంచి భాషలో ‘మిజేర్’ అంటే దుఃఖమూ, పేదరికమూ కూడా. 1862లో ఆ నవల ‘లె మిజరాబ్ల్’ అనే పేరుతో వెలువడింది. మొదటి పేరు స్థితిని చెబుతుంది. రెండవ పేరు ఆ స్థితిలో ఉన్న మనుషులను చెబుతుంది. అక్క పిల్లల ఆకలి చూడలేక రొట్టె దొంగిలించిన జాన్ వాల్జాన్ 19 సంవత్సరాలు చెరలో మగ్గుతాడు. విడుదలైన తరువాత కూడా లోకం అతనిని దొంగగానే చూస్తుంది.

1950లో చిత్తూరు నాగయ్య ప్రధానపాత్ర ధరించగా ఈ కథ తెలుగులో చలనచిత్రంగా వచ్చింది. దాని పేరు ‘బీదలపాట్లు’. ‘పడు’ అనే క్రియ నుండి పుట్టిన నామం ‘పాటు’. పడినది, అనుభవించినది అని దాని భావం. శోకమని గాని, విషాదమని గాని అనక ‘పాట్లు’ అనడంలో ఔచిత్యం ఉంది. ఆ బాధ మనస్సులో మాత్రమే లేదు. దేహం పడినది, లోకం పెట్టినది.

ఫ్రెంచి మూలపదంలో మరొక అర్థం కూడా ఉంది. అది దీనులను, నీచులను ఒకేసారి సూచిస్తుంది. నిర్భాగ్యులు, దుర్మార్గులు ఒకే మాటలో కలిసిపోయే స్థితి ఒకటి ఉందని హ్యూగో నవలలోనే గుర్తుచేశాడు. ఈ దోషం ఫ్రెంచి భాషకే పరిమితమైనది కాదు. తెలుగులో ‘దౌర్భాగ్యుడు’ అంటే భాగ్యం లేనివాడు. ‘దిక్కుమాలిన’ అంటే ఆదుకొనే దిక్కు లేని. ‘దరిద్రుడు’ అంటే పేదవాడు. ఈ మూడూ జాలి చూపవలసిన స్థితిని తెలిపే మాటలే. కాని వాడుకలో మూడూ తిట్లుగా మారాయి. కష్టంలో ఉన్నవానికి తోడు నిలువక, ఆ కష్టాన్నే అతని నేరంగా ఎంచే లోకస్వభావం ఈ మార్పులో వ్యక్తమవుతున్నది.

దీనికి ఎదురుగా నడచిన మాట కూడా తెలుగులో ఒకటి ఉంది. ‘పాపం’ అంటే దుష్కర్మ. కాని పడిపోయిన పసివానిని చూసినప్పుడు, ఎండలో బరువు లాగే ముసలివానిని చూసినప్పుడు తెలుగువారి నోట అప్రయత్నంగా వెలువడే మాట “పాపం!”. ఇక్కడ అది నింద కాదు, కరుణ. జాలి మాటలు తిట్లుగా దిగజారినట్లే, నిందను సూచించే మాట జాలిగా ఎదగడమూ సాధ్యమేనని ఈ చిన్న పదం నిరూపిస్తున్నది.

“సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి” అని సామెత. ఎవరి కష్టం వారిదే అయినప్పుడు దానికి పెట్టే పేరు కూడా దానికి తగినదై ఉండాలి. శోకానికి ఓదార్పు కావాలి. దైన్యానికి చేయూత కావాలి. పాట్లకు వాటిని పెట్టినవారిని ప్రశ్నించే ధైర్యం కావాలి. పేరు తప్పితే మందు తప్పుతుంది. అందువల్ల తగిన పదాన్ని ఎన్నుకోవడం భాషానైపుణ్యం మాత్రమే కాదు, ఎదుటి మనిషిని సరిగా చూడగలగడం కూడా.

ప్రశ్నలు

1. ‘మిజరీ’ అనే పదం పుట్టుకను, ఆ కుటుంబంలోని ఇతర పదాలను వివరించండి.
2. ‘బీదలపాట్లు’ అనే పేరులోని ఔచిత్యాన్ని తెలపండి.
3. జాలిని తెలిపే మాటలు తిట్లుగా మారడానికి కారణమేమి? మీకు తెలిసిన మరికొన్ని ఉదాహరణలతో చర్చించండి.
4. శోకం, దైన్యం, అగచాట్లు - ఈ పదాలను సొంతవాక్యాలలో ప్రయోగించండి.