కట్ట వెంట పోయే దారి

హనుమకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

మొన్న ఫోన్‌లో గేర్ల సైకిల్ కొన్నానని, రాజీవ్ రహదారి మీద గంటకు 28 కిలోమీటర్ల వేగం అందుకున్నానని మురిసిపోయావు. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఆ రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు. ఆ రోడ్డు మీద కరీంనగర్ లారీలు ఎట్లా పోతాయో తెలిసినవాణ్ణి. కౌకూర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను, అందులో సగం కాలం సైకిల్ సీటు మీదే గడిచింది. ఇప్పుడు నువ్వు అదే ఊళ్లో అద్దెకు దిగావు. పొలం లేనివాణ్ణి, నీకు అప్పజెప్పడానికి నా దగ్గర ఉన్నవి దారులే. ఫోన్‌లో చెబితే తెగేది కాదు, అందుకే రాస్తున్నాను.

పటంలో లావుగా కనపడే గీతను నమ్మకు. అది పల్లె నుంచి పట్నానికి పోయేది. సైకిల్‌కు కావలసింది ఊరి నుంచి ఊరికి పోయే సన్నటి గీత. ఒకప్పుడు పెళ్లి పిలుపులకూ అంగడికీ వడ్ల మిల్లుకూ మనుషులు నడిచిన బాట అది. దాని మీద లారీకి పని ఉండదు.

ఆ బాటలు ఎందుకు అట్లా ఎక్కుతూ దిగుతూ ఉంటాయో ముందు అర్థం చేసుకో, తొక్కడం సగం వచ్చేసినట్టే. మనది దక్కను పీఠభూమి, సముద్రమట్టానికి 500–600 మీటర్ల ఎత్తు. కింద అంతా సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాయి. అది అరిగి అరిగి బోర్లించిన గిన్నెల్లాగా మిట్టలయింది. మిట్టకూ మిట్టకూ మధ్య పల్లం, ఆ పల్లంలో నీరు. మనవాళ్లు ఆ నీటికి అడ్డంగా కట్ట వేశారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు పోతుంది. అందుకే గొలుసుకట్టు చెరువులన్నారు. కాబట్టి నీ ముందు దిగుడు కనిపించిందంటే, అడుగున చెరువో వాగో కాలువో ఉన్నట్టే. దాన్ని దాటగానే ఎక్కుడు ఉన్నట్టే.

ఇది తెలిస్తే గేరు ఎప్పుడు మార్చాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. పల్లంలో ఉండగానే, కాళ్ల మీద బరువు పడకముందే తేలిక గేరుకు తెచ్చుకో. ఎక్కుడు సగంలో, చైన్ బిగుసుకున్నాక మారిస్తే అది కరకరమని అరుస్తుంది, ఒక్కోసారి జారి కిందికి వస్తుంది. మా కాలంలో గేర్లు లేవు, దిగి తోసుకుంటూ పోయేవాళ్లం. సిగ్గుపడలేదు. నువ్వూ పడకు.

దిగుడు అడుగున ఇంకొక సంగతి. మత్తడి నీళ్లు రోడ్డు మీదుగా పారే చోట సిమెంటు పలకల మీద పాకురు పడుతుంది. చూస్తే తడి మాత్రమే అనిపిస్తుంది. ఒక వానకాలం నేను దిగుడు ఊపులో అట్లాంటి చోటికి పోయి ముందు బ్రేకు పట్టాను. సైకిల్ ఒక దిక్కు, నేను ఒక దిక్కు. మోచేతి మీద ఆ మచ్చ నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి చూసేదానివి. తప్పు నాదే. బ్రేకు నీళ్లకు ముందే పట్టాలి, నీళ్లలో పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. నీళ్లు కదులుతూ అడుగు కనపడకపోతే వెనక్కి తిరగాల్సిందే.

ఇక మొదటి దారి. కౌకూర్ నుంచి బొల్లారం వైపు తెల్లవారకముందే బయలుదేరు. కౌకూర్ దర్గాకు కందూరు విందు చేసుకోవడానికి వచ్చే బండ్లు పొద్దెక్కాక మొదలవుతాయి. కంటోన్మెంటు రోడ్లు చెట్ల నీడతో చల్లగా ఉంటాయి కానీ ఫౌజు గేటు ఎప్పుడు మూస్తారో ఎవరికీ తెలియదు. జేబులో గుర్తింపు కార్డు పెట్టుకో, వద్దన్న చోట వాదించకు. బొల్లారం పాత ఫౌజు ఊరు. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి అక్కడే ఉంది. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన 36వ పెళ్లిరోజున ఆ చర్చికి వచ్చింది. ఆ పొద్దు మా సైకిళ్లను ఆ దరిదాపులకు రానివ్వలేదు. రాణిని చూశామని తరవాత చెప్పుకున్నవాళ్లలో సగం మంది నాతోపాటే అడ్డుకట్ట బయట నిలబడినవాళ్లు.

ఆ చర్చి దాటగానే రాష్ట్రపతి నిలయం. 1860లో కట్టిన భవనం, చుట్టూ 90 ఎకరాల తోట. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా జనాన్ని లోపలికి పంపుతున్నారు. వంటింటి నుంచి భోజనాల గదికి నేల కింద సొరంగం ఉంది, ఒకసారి చూసిరా. సైకిల్‌కు తాళం వెయ్యడం మరవకు.

అక్కడి నుంచి హకీంపేట మీదుగా తూంకుంట దాకా పెద్ద రోడ్డు తప్పదు. ఎడమ అంచున ఉండు, చెవుల్లో పాటలు పెట్టుకోకు. తూంకుంట పేరు నాకు ఎప్పుడూ తూమూ కుంటా కలిసినట్టే వినపడుతుంది. ఊరి పేర్లను అట్లా నోట్లో వేసుకుని నమలడం సైకిల్ తొక్కేవాడికి మంచి కాలక్షేపం. పేట అంటే ఒకప్పుడు అంగడి జరిగిన చోటు కావొచ్చు. పల్లి, గూడ, కుంట, గుట్ట, దేనికి దానికి ఒక కథ. కారులో పోయేవాడు ఈ బోర్డులు చదవడానికి కూడా ఆగడు.

తూంకుంట నుంచి దేవరయాంజాల్ వైపు మళ్లి పాత సీతారామస్వామి గుడి చూసుకుని శామీర్‌పేట చేరు. చెరువు కట్ట మీద నిలబడ్డప్పుడు కట్ట మైసమ్మకు దండం పెట్టి, ఆమె అక్కడే ఎందుకు ఉందో ఆలోచించు. కట్ట తెగితే కింది ఊళ్లన్నీ కొట్టుకుపోతాయి. కాపలా కావలసిన చోటే ఆమెను నిలబెట్టారు. నీ ఇల్లు వదిలి మళ్లీ ఇల్లు చేరేసరికి పాతిక, ముప్పై కిలోమీటర్లవుతుంది. మొదటి నెల ఇది చాలు.

శామీర్‌పేట దాటినాక అసలు పల్లెదారులు మొదలవుతాయి. అలియాబాద్, తుర్కపల్లి దిక్కున జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాగ్జిన్ టీకా తయారైంది అక్కడే. షిఫ్టు బస్సుల వేళ ఆ రోడ్డు వద్దు. పెద్ద రోడ్డు వదిలేసి లాల్‌గడి మలక్‌పేట, ఉద్దెమర్రి, కేశవరం, మూడుచింతలపల్లి వైపు తిరుగు. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు ఎక్కడ చూసినా ద్రాక్ష పందిళ్లే. అనాబ్-ఎ-షాహీ గుత్తులు రోడ్డు పక్కన తట్టల్లో అమ్మేవాళ్లు, మేము పంపు కొట్టుకునే నెపంతో ఆగేవాళ్లం. ఆ పందిళ్లు చాలా వరకు ప్లాట్లయ్యాయి. రాతి కడీలు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉంటాయి. దేనికోసం పాతారో తెలియనివాళ్లు కంచె అనుకుంటారు.

ఊళ్లోకి పోయేటప్పుడు వేగం తగ్గించు. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది, దాని మీదికి సైకిల్ ఎక్కించకు. పొలిమేర దగ్గర పోచమ్మ గుడి, వేపచెట్టు. ముసలివాళ్లు కూర్చున్న గద్దె కనపడితే దిగి, "పెద్దమ్మా, ఈ తొవ్వ ఎటు పోతది?" అని అడుగు. నీ ఫోన్ చెప్పని అడ్డదారి ఆమె చెబుతుంది. ఎవరి బిడ్డవని కూడా అడుగుతుంది, విసుక్కోకుండా చెప్పు. కుక్కలు వెంటబడితే పరుగు తీయకు. దిగి సైకిల్‌ను నీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడువు, వాటికి అంతటితో ఆసక్తి పోతుంది.

కోతల కాలంలో, అంటే ఏప్రిల్–మే నెలల్లో ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీదుగా తొక్కడం అన్నం మీద నడిచినట్టు, పైగా చక్రం ఇసుకలో పడ్డట్టు జారుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం రాళ్లు. బండ్లు ఎక్కకుండా కుప్పల చుట్టూ పెడతారు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. మసక వెలుతురులో అవి కనపడవు. నీ లైటు రోడ్డు మీద పడేట్టు కిందికి వంచి బిగించు.

కీసరగుట్టకు పోవాలని ఉందన్నావు. కౌకూర్ నుంచి యాప్రాల్, జవహర్‌నగర్ మీదుగా దగ్గర దారే, కానీ నగరం చెత్తంతా మోసే లారీలు అటే పోతాయి. నేనైతే శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు పట్టుకుంటాను, దూరమైనా సరే. 158 కిలోమీటర్ల ఆ పెద్ద రోడ్డు మీదికి సైకిల్‌ను రానివ్వరు, పక్కన ఉండే సర్వీసు రోడ్డే మనది. ఒక్క జాగ్రత్త. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి కొడుతుంది. పోయేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది, నీ కాళ్లలో కొత్త బలం వచ్చిందని భ్రమపడతావు. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురు నిలుస్తుంది. నీళ్లూ బలమూ సగానికి పైగా దాచుకుని వెనక్కి తిరుగు.

గుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి చుట్టూ చెల్లాచెదురుగా లింగాలు, తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక గోడలు. అక్కడి ఒక బండ మీద "తొలుచువాండ్రు" అని చెక్కి ఉంది. 5వ శతాబ్దం, విష్ణుకుండినుల కాలం నాటిదని పండితులంటారు. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు రాతల్లో ఒకటి. రాళ్లు తొలిచే పనివాళ్లను చెప్పే మాట. నేను మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు గుట్ట ఎక్కిన ఆయాసం మరిచిపోయాను.

సామాను గురించి రెండు మాటలు. టైరులో గాలి రాయిలాగా కొట్టించకు, పల్లె రోడ్డుకు కాస్త మెత్తగా ఉండాలి. ఒక ట్యూబు, టైరు తీసే పుల్లలు, చిన్న పంపు ఎప్పుడూ ఉండాలి, వాటితో ఇంట్లో రెండుసార్లు ట్యూబు మార్చి చూడాలి. చిల్లర నోట్లు పెట్టుకో, చాయ్ దుకాణంలో సిగ్నల్ ఉంటుందని నమ్మకం లేదు. దూరాల మీద మోజు పుడితే హైదరాబాద్‌లోనే బ్రెవెట్లనే దూరపు సైకిల్ యాత్రలు జరుగుతాయి, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. అక్కడ పందెం లేదు, ముందు వచ్చినవాడికీ చివర వచ్చినవాడికీ ఒకే లెక్క. అది నాకు నచ్చింది. కానీ వచ్చే ఏడాది చూద్దాం.

మూడుచింతలపల్లికి పోయినప్పుడు నాకొక పని చేసిపెట్టు. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు, ఆ మూడు చింతచెట్లు ఎక్కడున్నాయో ఒక్కసారీ ఆగి అడగలేదు. అడిగి రాయి.

నీ తాత