సెకండ్ హ్యాండ్ బండి: పేరు మారేదాకా తీరని బాధ్యత

నమాజు, రోజా వంటి ఆరాధనలలో సందేహం వస్తే ఆలిములను అడిగి తెలుసుకుంటాము. లావాదేవీల దగ్గరకు వచ్చేసరికి మాత్రం 'అందరూ చేసేదేగా' అని సరిపెట్టుకుంటాము. పాత బండ్ల కొనుగోలు, అమ్మకం ఇలాంటిదే. ఇంజను చప్పుడు వింటాము, టైర్లు చూస్తాము, బేరమాడి బయానా ఇస్తాము. ఆ బండి ఎవరి పేరున ఉంది, అమ్మేవానికి దాన్ని అమ్మే హక్కు ఉందా అన్న ప్రశ్న ఒక్కోసారి డబ్బు చేతులు మారాక గాని గుర్తుకు రాదు. ఇందువల్ల వచ్చే చిక్కులు ఏమిటో, వాటిని ధర్మబద్ధంగా ఎలా తీర్చుకోవాలో ఈ పాఠంలో తెలుసుకుందాము.

వ్రాసుకోమన్న ఆజ్ఞ

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అప్పు పత్రం గురించినది. అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు అది. గడువు పెట్టుకున్న అప్పు చిన్నదైనా పెద్దదైనా వ్రాసుకోవటానికి విసుగు చెందరాదని, క్రయవిక్రయాలు జరిపేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉంది. అక్కడికక్కడే ఇచ్చిపుచ్చుకునే వ్యాపారంలో వ్రాయకపోయినా దోషం లేదన్న సడలింపు కూడా ఉంది. కొందరు ఈ సడలింపును చూపించి, డబ్బు ఇచ్చాము, తాళం పుచ్చుకున్నాము, ఇక కాగితాలెందుకు అంటారు. కూరగాయలు కొన్నప్పుడు ఆ మాట సరిపోతుంది. బండి విషయంలో సరిపోదు. తాళం ఇచ్చేసిన తర్వాత కూడా దాని బాధ్యత పాత యజమాని పేరునే అంటిపెట్టుకొని ఉంటుంది. అంటే ఆ లావాదేవీ ఇంకా ముగియలేదన్నమాట.

పేరు మారకపోతే ఏమవుతుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సాధారణంగా బండి ఎవరి పేరున రిజిస్టరై ఉంటే వారే యజమాని. ఇది ఎంత పెద్ద మాటో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన ఒక తీర్పు చూస్తే తెలుస్తుంది. ఒకాయన తన కారును 2007లో అమ్మేశానన్నాడు. అది ఆ తర్వాత మరికొందరి చేతులు మారింది. ఆర్.సి.లో మాత్రం పేరు మారలేదు. 2009లో ఆ కారు ఢీకొని ఒకరు మరణించారు, ఒకరు గాయపడ్డారు. నష్టపరిహారం ఎవరివ్వాలి అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో ఆ మొదటి యజమానే బాధ్యుడని కోర్టు తేల్చింది. బండి ఎందరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరిగే భారం బాధితుల మీద పడకూడదన్నది అందులోని న్యాయం.

సోదరులారా, ఆలోచించండి. మన బండి పేరు మార్పించని కారణంగా మనకు అమ్మినవాడు కోర్టు మెట్లెక్కవలసి వస్తే, ఆ కష్టానికి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసింది ఎవరు?

బీమా సంగతి కూడా ఇంతే. బండి అమ్మగానే థర్డ్ పార్టీ బీమా కొత్త యజమానికి బదిలీ అయినట్టే చట్టం భావిస్తుంది. అయినా 14 రోజులలోగా బీమా కంపెనీకి దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి. లేకపోతే మన బండికి జరిగిన నష్టానికి గాని, దొంగతనానికి గాని డబ్బు ఇవ్వటానికి కంపెనీ నిరాకరించవచ్చు.

అమ్మేవారు, కొనేవారు చేయవలసినవి

బండి అదే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే అమ్మినవారు 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. ఇందుకు ఫారం 29 ఉంది. కొన్నవారు 30 రోజులలోగా తెలియజేయాలి. ఇద్దరూ సంతకాలు చేసే దరఖాస్తు ఫారం 30. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్.ఓ.సి. కూడా తేవాలి. 2014 జూన్ 2 తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేర్వేరు రాష్ట్రాలయ్యాయి కనుక, విజయవాడలో ఉండేవారు హైదరాబాదు బండి కొన్నా ఈ నియమమే వర్తిస్తుంది.

కొనేవారు డబ్బు ఇచ్చేముందు ఆర్.సి. మీది ఇంజను నంబరును, చాసిస్ నంబరును బండి మీది నంబర్లతో సరిపోల్చుకోవాలి. ట్యాక్సు, చలానాల బాకీ ఉందేమో చూడాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళ గడువు దాటిందేమో చూడాలి. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వటం మేలు. బండి అప్పగించిన తేదీ, గంట వ్రాసి ఇద్దరూ, సాక్షులూ సంతకాలు చేయాలి. ఈ కాగితం మంచి సాక్ష్యమే గాని, ఆర్.సి.లో పేరు మార్పుకు బదులు కాదు.

ఫైనాన్స్ తీరని బండి

ఆర్.సి.లో 'హెచ్.పి.' అని ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటే ఆ బండి మీద ఇంకొకరి హక్కు ఉందని అర్థం. కొందరు ఈ మాట దాచిపెట్టి అమ్ముతారు. కొన్నవాడు ఆరు నెలల తర్వాత, సంస్థ మనుషులు బండి తీసుకెళ్ళటానికి వచ్చినప్పుడు సంగతి తెలుసుకుంటాడు. తాకట్టులో ఉన్న వస్తువును అప్పు ఇచ్చినవారి అనుమతి లేకుండా అమ్మటాన్ని మన ఫుఖహాలు సమ్మతించలేదు. ముందు అప్పు తీర్చి, సంస్థ నుంచి ఎన్.ఓ.సి., వారు సంతకం చేసిన ఫారం 35 తీసుకొని ఆర్.సి.లో హెచ్.పి. కొట్టివేయించాలి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్.సి.లో అలాగే ఉండిపోయిన బండ్లు కూడా ఉంటాయి. దానికీ ఇదే మార్గం.

లోపాన్ని దాచటం గురించి దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఎంత కఠినంగా హెచ్చరించారో మనకు తెలుసు. ఆయన బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఆ తడి జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవానికి తనతో సంబంధం లేదని చెప్పారు. సహీహ్ ముస్లిం గ్రంథంలో ఈ హదీసు ఉంది. కాగితాలలోని లోపం ధాన్యంలోని తడి లాంటిదే. పైకి కనపడదు, ఇంటికి వెళ్ళాక బయటపడుతుంది.

చనిపోయినవారి బండి

ఇది మన ఇళ్ళలో ఎక్కువగా నిర్లక్ష్యం చేసే విషయం. తండ్రి చనిపోతాడు. పెద్దకొడుకు ఆయన బండిని వాడుకుంటాడు, లేదా అమ్మేసి డబ్బు ఖర్చు పెట్టేస్తాడు. ఆ బండి మృతుని ఆస్తి. ముందు ఆయన అప్పులు, తర్వాత మూడో వంతుకు మించని వసీయతు తీర్చాక మిగిలినదంతా వారసులందరిదీ. సంతానం ఉన్న భార్యకు ఎనిమిదో వంతు ఉంది. కూతుళ్ళకూ భాగం ఉంది. చిన్నపిల్లలు ఉంటే అది అనాథల సొమ్ము. అన్నిసా సూరా ఈ భాగాలను నిర్ణయించింది. అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారిని నరకాగ్నితో హెచ్చరించింది కూడా ఆ సూరాయే.

యజమాని మరణించిన సంగతి 30 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలిపి, మూడు నెలలలోగా ఫారం 31 ద్వారా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అవసరమవుతాయి. అమ్మగారి చేత, చెల్లెళ్ళ చేత సంతకం చేయించుకొని వారి భాగం ఇవ్వకపోతే చట్టం దృష్టిలో పని పూర్తి కావచ్చు, అల్లాహ్ దగ్గర లెక్క పూర్తి కాదు. అలాంటి బండి కొనేవారు కూడా వారసులందరికీ సమ్మతమేనా అని అడిగి తెలుసుకోవాలి.

ఇప్పటికే చిక్కులో పడితే?

బండి మన దగ్గర ఉంది, పేరు ఇంకొకరిది, అమ్మినవాడు కనపడటం లేదు. ఇలాంటప్పుడు బ్రోకర్లు 'సంతకం మేము పెట్టిస్తాం' అంటారు. ఇది ఫోర్జరీ. చట్టరీత్యా నేరం. ధర్మరీత్యా అబద్ధపు సాక్ష్యంతో సమానం, అది ఘోరపాపాలలో ఒకటి. ముందు ఆర్.సి.లోని చిరునామాకు మనిషిని పంపాలి, లేదా స్పీడ్ పోస్టులో ఉత్తరం వ్రాయాలి. డబ్బు చెల్లించిన రుజువులు, అమ్మకపు కాగితం దగ్గర పెట్టుకొని రవాణా అధికారిని కలిసి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మధ్యలో అమ్మిన డీలరును బాధ్యుణ్ణి చేయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ అనుమతి పత్రం పొందాలి, తమకు అప్పగించిన బండికి బాధ్యత వహించాలి. డీలరు మాట వినకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ఆర్.సి. పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26తో నకలు తీసుకోవచ్చు. అయితే ఆ దరఖాస్తు చేయవలసింది ఆర్.సి.లో పేరున్న యజమానే.

బండి దొంగసొత్తు అని తేలితే మాత్రం దాచుకోవటానికి వీల్లేదు. డబ్బు ఇచ్చి కొన్నా అది మనది కాదు. అసలు యజమానికి చేరవలసిందే. మన డబ్బు అమ్మినవాడి నుంచి రాబట్టుకోవాలి.

అమ్మి చాలాకాలమైన బండి ఏదైనా ఇంకా మన పేరునే ఉందేమో ఈరోజే చూసుకుందాము. కొన్నవారికి ఫోను చేసి, కలిసి వెళ్ళి సంతకాలు చేద్దాము. క్రయవిక్రయాలలో ఇద్దరూ నిజం చెప్పి, ఉన్న లోపాన్ని విప్పి చెబితే ఆ బేరంలో బర్కతు ఉంటుందని, దాచిపెడితే బర్కతు తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో దైవప్రవక్త (సఅసం) శుభవార్త, హెచ్చరిక రెండూ ఉన్నాయి. ఏది కావాలో ఎంచుకోవలసింది మనమే.

మన సంపాదననూ, మన ప్రయాణాలనూ ఇతరుల హక్కుల భారం నుంచి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.